అక్క తుడిచిన గిటారు

మిల్లు లైను, మూడో వరస
జూన్ 3

తమ్ముడికి,

మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగను. అడిగితే రెండు పేజీలు వాటి గురించే రాస్తావు.

ఇక్కడ కోడలి పెళ్లి కుదిరింది. ఆగస్టు ఆఖరున రిజిస్టరు ఆఫీసులో సంతకాలు. అతను నీటి పంపులు బాగుచేస్తాడు. మిల్లుకు అప్పుడప్పుడు వస్తుంటాడు. నెమ్మదస్తుడు. నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడి, నాకు తెలియాలని పెదాలు నిదానంగా కదుపుతాడు. ఈ సంబంధం చేసుకోమని ఆరు నెలలుగా కోడలి చెవినిల్లు కట్టుకుని పోరింది నేనే. కాబట్టి ఇప్పుడు నేను ఏడిస్తే చూసేవాళ్లు నవ్వుతారు. మావాడు నూలు వ్యానుతో సహా లారీ కింద పడి మూడేళ్లు దాటింది. ముప్పయ్యేళ్లయినా నిండని పిల్ల ఇన్నాళ్లు నా మొహం చూస్తూ కూర్చుంది. ఇంక చాలు.

గడుగ్గాయి తల్లితోనే వెళ్తుంది. పదేళ్ల పిల్ల తల్లి దగ్గర ఉండాలి గానీ నా దగ్గర కాదు. అందులో నాకు రెండో మాట లేదు.

వచ్చిన చిక్కు వేరే. "నాన్న గిటారు నేను తీసుకెళ్తా నానమ్మా" అంది. వినపడనట్టు ఊరుకున్నాను. చెవిటిదానికి ఉన్న సుఖం అదొక్కటే. అది వదిలే రకమా? నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసి నా ముక్కుకు ఆనించింది.

ఒరేయ్, వాడి బట్టలు పంచేశాను. వాడి మంచం కోడలి గదిలో ఉంది, అది రేపు దాని సామానుతో వెళ్తుంది. వాడిదని చెప్పుకోడానికి నాకు మిగిలింది ఆ గిటారు. అది కూడా పోతే ఈ ఇంట్లో నేను ఉండలేను. అందుకని పిల్లకు కొత్తది కొనిపెడతాను. నువ్వు ఇరవై అయిదేళ్లుగా గిటార్లు బాగుచేస్తున్నావు. నువ్వు చెబితే నమ్ముతుంది. పాతదానికంటే కొత్తదే మంచిదని దానికి ఒక ఉత్తరం రాయి. మంచిది ఒకటి చూసి పెట్టు.

ఫోను చెయ్యమని మళ్లీ అనకు. అందులో నీ మాట నాకు గులకరాళ్ల డబ్బాలా ఉంటుంది. ఉత్తరమే రాయి. అక్షరాలు కాస్త విడివిడిగా.

అక్క


మరమ్మతు కొట్టు, మేడ మీద
జూన్ 11

అక్కా,

నా మోకాళ్లు నీకు దండం పెడతామన్నాయి. వంగడం కుదరదని నేనే ఆపాను.

కోడలికి పెళ్లి చెయ్యడం మంచి పని. అంతకంటే రాయడం నాకు చేతకాదు.

కొత్తదే మంచిదని రాయమన్నావు. ఏ మొహం పెట్టుకుని రాయను? పధ్నాలుగేళ్ల కింద మీవాడు ఇదే కొట్టులో నిలబడి, అద్దాల బీరువాలో నిగనిగలాడుతున్న గిటారు చూపించి అదే కావాలన్నాడు. నేను పాతది తీసి చేతికిచ్చాను. "కొత్తదాని పై పలక ప్లైవుడ్డురా. ఎన్నేళ్లు వాయించినా నోరు విప్పదు. ఇది ఒంటి చెక్క. ఎవడో పదేళ్లు వాయించి దీనికి మాటలు నేర్పి వదిలేశాడు" అన్నాను. "పాత సైకిలు, పాత పుస్తకాలు, ఇప్పుడు పాత గిటారు కూడానా మావయ్యా" అని మూతి ముడుచుకుని వెళ్లాడు. వారం నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "దీని మొదటి యజమాని మంచోడే మావయ్యా" అన్నాడు. అదే వాడి క్షమాపణ.

అయినా పిల్ల విషయంలో కొత్తది తప్పేమీ కాదు. వాడి గిటారు దాని చంకలో ఇమడదు. దానికి చిన్న సైజుది కావాలి. మెడ సన్నగా ఉండాలి. తీగలు మెడ మీది మెట్లకు దగ్గరగా ఉండాలి, లేకపోతే వేళ్లు కోసుకుని వారానికే మూల పడేస్తుంది. కొత్తది తీసుకుని తీగల ఎత్తు నేనే అరగదీసి ఇస్తాను. గడుగ్గాయికి విడిగా చీటీ పెట్టాను. కొత్తదే మంచిదని రాయలేదు. నీ చేతికి కొత్తది సరిపోతుందని రాశాను. అది అబద్ధం కాదు.

వాడి గిటారును మూడేళ్లుగా ఎవరూ చూడలేదు కదా. నూలు వ్యాను ఎలాగూ ఇటు వస్తుంది, డ్రైవరు చేత పంపు. ఒకసారి చూసి పంపేస్తాను. ఎక్కడ ఉంచావు? ఎలా ఉంచావు?

తమ్ముడు


మిల్లు లైను, మూడో వరస
జూన్ 20

తమ్ముడికి,

ఎలా ఉంచావని నన్నే అడుగుతావా? ముప్పై రెండేళ్లు కదుర్ల దగ్గర నిలబడ్డాను. చెవులు అక్కడే వదిలేశాను గానీ నా వరసలో ఒక్క కదురుకు తుప్పు పట్టనివ్వలేదు. సూపర్వైజరు కొత్తవాళ్లను తీసుకొచ్చి నా మిషను చూపించేవాడు.

ప్రతి ఆదివారం గిటారు దించుతాను. మెత్తటి గుడ్డ మీద కదుర్లకు వేసే నూనె పోసుకుని దాని ఒళ్లంతా తుడుస్తాను. పలుచటి మంచి నూనె, మిల్లులో పాత స్నేహితురాలు తెచ్చిస్తుంది. పై పలక మీద, నడిమి రంధ్రం పక్కన, వాడి చెయ్యి తగిలి తగిలి రంగు పోయిన చోటు ఉంది చూడు. అక్కడ చెక్క దాహంగా ఉంటుంది. రెండు చుక్కలు ఎక్కువ వేస్తే ఇట్టే తాగేస్తుంది. చెమ్మ తగలకుండా పొయ్యి వెనక గోడకు ఇవతలి వైపు వేలాడదీశాను. ముసురు పట్టినా ఆ గోడ వెచ్చగానే ఉంటుంది.

తీగలు బిగించే బిరడాలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు వ్యాను ఎక్కేముందు శ్రుతి చేసి గోడకు తగిలించి వెళ్లాడు. వాడు ఎక్కడ ఆపాడో అక్కడే ఉన్నాయి. నువ్వూ తిప్పకు. వాడు వాయిస్తుంటే నేను గిటారు వీపు మీద అరచెయ్యి పెట్టి కూర్చునేదాన్ని, నీకు తెలుసు. వినపడకపోయినా చేతికి అందేది. ఏమో, పిచ్చి అనుకో. ఆ శ్రుతి అలా ఉంటే చాలనిపిస్తుంది.

నీ చీటీ గడుగ్గాయి రెండుసార్లు చదివింది. "తాతయ్య నాన్నకేమో పాతదే మంచిదన్నాడు. నాకేమో కొత్తది సరిపోతుందంటాడు. ఈయనకు కొట్టులో ఏది అమ్ముడుపోకపోతే అది మంచిదా?" అంది. నేను నవ్వాపుకోలేకపోయాను. దీనికి నువ్వే జవాబు చెప్పుకో.

గిటారు రెండు దుప్పట్లు చుట్టి వ్యానులో పెట్టించాను. "లోపల మనిషున్నట్టు తీసుకెళ్లు బాబూ" అంటే డ్రైవరు, "టికెట్టు కూడా కొట్టమంటావా పెద్దమ్మా" అన్నాడు. త్వరగా పంపు. గోడ బోసిగా ఉంది.

అక్క


మరమ్మతు కొట్టు, మేడ మీద
జూలై 1

అక్కా,

గిటారు చేరింది. బాగానే ఉంది. నీలాంటి మనిషి చేతిలో ఉన్న వస్తువుకు ఏమవుతుంది?

నువ్వన్నదే సబబు. అది నీ దగ్గర ఉంచుకో. పిల్లకు కొత్తది తీసుకుందాం. ఒకటి విడిగా పెట్టాను, లేత రంగుది, దానికి నచ్చుతుంది. నీ గిటారు దుమ్ము దులిపి మూడు నాలుగు వారాల్లో పంపుతాను. ఇక్కడ పని ఒత్తిడిగా ఉంది.

ఇకమీదట నూనె రాయనక్కర్లేదు. సరిపడా తాగింది.

తమ్ముడు


మిల్లు లైను, మూడో వరస
జూలై 9

తమ్ముడికి,

నీ ఉత్తరం అంత పొట్టిగా ఉంటే జ్వరమేమో అనుకున్నాను. అయినా నాకు కావలసిన మాట అందులో ఉంది. బాగానే ఉందన్నావు. ఆ మాట నాలుగు రోజులు మనసులో తిరిగింది.

ఏ వస్తువైనా ఆగిపోయి ఉంటే నాకు గిట్టదు. మిల్లులో ఒక్క కదురు ఆగినా నా చూపు అక్కడికే పోయేది. అంత బాగా ఉన్న గిటారును గోడకు వేలాడదీసి, చెవుల్లేని నేను చూస్తూ కూర్చోవడం ఏమిటి? దాన్ని వాయించాల్సింది పిల్ల. చంకలో ఇమడకపోతే రెండేళ్లలో ఇముడుతుంది. కొత్తది వద్దు. వాడిదే దానికి ఇస్తాను.

నిన్న సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "తాతయ్య చూశాడు. మీ నాన్న గిటారు నిక్షేపంలా ఉంది. అది నీదే. కొత్తదీ గిత్తదీ ఏమీ వద్దు" అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. తల్లి వైపు చూసింది. కోడలు లేచి వంటింట్లోకి పోయింది. సంతోషం పట్టలేకపోయారనుకుంటా. నేనూ ఇంకేమీ అడగలేదు.

నీకు ఇది రాయడం తేలిగ్గా లేదు. కానీ రాశాక బరువు దిగింది. వాళ్లు బయల్దేరేలోపు పంపు. నా చేతుల మీదుగా ఇవ్వాలి.

అక్క


మరమ్మతు కొట్టు, మేడ మీద
జూలై 17

అక్కా,

ఇది కూర్చుని చదువు.

నేను నీకు అబద్ధం రాశాను. గిటారు బాగాలేదు. వాయించడానికి పనికిరాదు.

దుప్పట్లు విప్పగానే నూనె వాసన కొట్టింది. పక్క బల్ల దగ్గర వయొలిన్లు చూసే ముసలాయన వచ్చి పలక మీద గోరుతో కొట్టి, "అట్టపెట్టె" అని వెళ్లిపోయాడు. నేను అప్పటికీ నమ్మక లోపల అద్దం పెట్టి చూశాను. మూడేళ్ల నూనె పలకలోకి ఇంకి పోయింది. పొయ్యి గోడ వేడికి, తీగల లాగుడుకు పలక పొట్టలా ఉబ్బింది. తీగలు పట్టుకుని ఉండే బ్రిడ్జి కింద పోస్టుకార్డు దూరేంత సందు వచ్చింది. లోపలి బద్దలు రెండు ఊడి వేలాడుతున్నాయి. మళ్లీ అంటిద్దామంటే నూనె తాగిన చెక్కను జిగురు పట్టదు. రెండుసార్లు అంటించి బిగించి చూశాను. రెండుసార్లూ పొద్దున్నకి ఊడి వచ్చింది.

తప్పు నీది కాదు. నువ్వు ఇనుమును చూసుకున్నట్టే చెక్కను చూసుకున్నావు. వాడు పోయాక నేను అక్కడ పదిరోజులు ఉన్నాను. ఒక్కమాట చెప్పి రావలసింది. అప్పుడు గిటారు వైపు చూడలేకపోయాను.

గోడకు తగిలించుకుని చూసుకోడానికైతే నీకు ఈ సంగతి తెలియనక్కర్లేదనుకున్నాను. నువ్వు దాన్ని పిల్లకు ఇచ్చేస్తావని నాకు తట్టలేదు.

ఉన్న దారులు ఇవి. పిల్లకు కొత్తది ఇచ్చి, దీన్ని ఇలాగే నువ్వు ఉంచుకోవచ్చు. లేదా మెడ విప్పి, పై పలక మొత్తం కోసి తీసేసి, కొత్త పలక వేస్తాను. అప్పుడు మోగుతుంది. రెండు మూడు నెలల పని. నువ్వు చెప్పేదాకా ఏదీ ముట్టుకోను.

తమ్ముడు


మిల్లు లైను, మూడో వరస
జూలై 22

నాకు పోయింది చెవులు. బుద్ధి పోలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు బాగానే ఉందని రాస్తావా? ఆ మాట పట్టుకుని నేను పిల్లకు మాటిచ్చాను. ఇప్పుడు ఏ నోటితో కాదనను?

నేనే చంపాను దాన్ని. ప్రతి ఆదివారం, గుడ్డ పట్టుకుని, కూర్చోబెట్టి.

కొత్త పలక వెయ్యి. కానీ తీగలు విప్పొద్దు, బిరడాలు తిప్పొద్దు. అవైనా వాడు పెట్టినట్టు ఉండనీ.

ఇకనుంచి ఉన్నది ఉన్నట్టు రాయి. లేకపోతే రాయకు.


మరమ్మతు కొట్టు, మేడ మీద
జూలై 30

అక్కా,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

తీగలు విప్పకుండా పలక తియ్యడం కుదరదు.

ఇంకొకటి. నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. వాడు చేసిన శ్రుతి లేదు. తీగ దానంతట అదే సాగుతుంది, చలికి ఒక రకంగా, ఎండకు ఒక రకంగా. బిరడా కదలకపోయినా శ్రుతి కదులుతుంది. వాడు పోయిన నెలలోపే పోయి ఉంటుంది. నా దగ్గరికి వచ్చేసరికి ఆరు తీగల్లో ఒక్కటీ దాని చోట లేదు. నువ్వు అంత జాగ్రత్తగా కాపాడింది బిరడాల్ని.

రాసి నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నువ్వు అడిగావు కాబట్టి వేస్తున్నాను.

విప్పమంటావా?

తమ్ముడు


మిల్లు లైను, మూడో వరస
సెప్టెంబరు 2

తమ్ముడికి,

నెల దాటినా జవాబు రాయలేదని కంగారుపడి ఉంటావు. వాళ్ల సామాను సర్దడంలో పడ్డాను. సంతకాలు అయ్యాయి. మొన్న ఆదివారం ముగ్గురూ వెళ్లారు. అతను మంచం భాగాలుగా విప్పి, ప్రతి మేకుకూ గుర్తు పెట్టుకుని ఎక్కించాడు. పనిమంతుడు. ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు.

వెళ్లేముందు చెప్పక తప్పదు కదా. ముందు రోజు పెట్టెల మధ్య కూర్చుని, "మీ నాన్న గిటారు నేను పాడుచేశానే. నూనె రాసి పాడుచేశాను" అన్నాను.

కోడలు చేతిలోని చీర మడత పెడుతూనే, "తెలుసు అత్తయ్యా" అంది.

పెదాలు సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను. మళ్లీ అడిగాను. "తెలుసు. మొదటి ఏడాదే తెలుసు. ఒకసారి ఆయన పుట్టినరోజుకి మీరు లేనప్పుడు దించి మీటాను" అంది.

"ఒక్కసారి వద్దని అనలేకపోయావా?"

"వారం మొత్తం మీద ఆ గంటసేపే మీ మొహం మామూలుగా ఉండేది. ఏమని చెప్పను?"

నేను గడుగ్గాయి వైపు తిరిగాను. అది తల వంచుకుని పెట్టె తాళం తిప్పుతోంది. గడ్డం పట్టుకుని ఎత్తాను. "నీకూ తెలుసా?"

"డబ్బా లాగా మోగుతుంది" అంది.

"మరి తెలిసీ అదే కావాలని నా ప్రాణం ఎందుకు తీశావే?"

"నాన్నది కదా." నా చెయ్యి వదిలించుకుని మళ్లీ అంది. "పైగా నేను తీసుకెళ్లిపోతే నీకు ఎప్పటికీ తెలీదు కదా."

చూశావా? నువ్వు, అది, దాని తల్లి. ముగ్గురూ విడివిడిగా ఒకే పని చేశారు. ఇంట్లో వినపడనిదాన్ని నేనొక్కదాన్నే.

"కొత్తది కావాలా? పాతదే బాగుచేయించనా?" అని అడిగాను. "నువ్వు ఏదిస్తే అది నానమ్మా" అంది. ఇన్నేళ్లలో అది అంత అణకువగా మాట్లాడటం అదే మొదలు. నాకు నచ్చలేదు. నన్ను వెక్కిరించి ఉంటే తేలిగ్గా ఉండేది.

నేను జాలిపడి ఇస్తే తీసుకోవాలి గానీ, అది జాలిపడి తీసుకోకూడదు. మోగేదే ఇస్తాను. తీగలు విప్పెయ్యి. పలక తీసెయ్యి. పిల్ల ఉత్త చేతులతో వెళ్లింది, గుర్తుంచుకుని పని చెయ్యి.

నీ మీద కోపం పోలేదు. తగ్గింది.

అక్క


మరమ్మతు కొట్టు, మేడ మీద
నవంబరు 6

అక్కా,

పని అయింది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మోగుతోంది, బాగా మోగుతోంది. కానీ వాడు వాయించిన గొంతు కాదు. ఆ గొంతు పాత పలకతోనే పోయింది. దీనిది పచ్చి గొంతు. పిల్ల వాయించగా వాయించగా దేనికి తిరుగుతుందో దానికి తిరుగుతుంది. ముసలాయన వచ్చి మళ్లీ గోరుతో కొట్టి చూశాడు. ఏమీ అనకుండా వెళ్లాడు. ఆయన దగ్గర అది పెద్ద మెప్పు.

మెడ, వీపు, పక్కలు వాడివే. మెట్లు మార్చమని కొట్టు యజమాని అన్నాడు, నేను మార్చలేదు. మూడో మెట్టు దాకా బాగా అరిగి, ఆపైన కొత్తవాటిలా ఉన్నాయి. అటు వైపు వెళ్లాలంటే మీవాడికి ఎప్పుడూ బద్ధకమే. దీన్ని కొత్తదనాలో పాతదనాలో నాకే తెలియడం లేదు.

వచ్చే వారం సెలవు పెట్టి నీ దగ్గరికి తెస్తాను. నాలుగు రోజులు ఉంచుకుని, నువ్వే తీసుకెళ్లి పిల్ల చేతికి ఇద్దువుగాని. లేదూ, నీ దగ్గరే ఉండాలనిపిస్తే ఉంచేసుకో. లేత రంగు కొత్తది ఇంకా విడిగానే ఉంచాను, అది పిల్లకు పంపుతాను. దానికి అన్యాయమేమీ జరగదు.

ఈసారి నేను సలహా చెప్పను. నువ్వు ఏది చెబితే అది.

తమ్ముడు


మిల్లు లైను, మూడో వరస
నవంబరు 14

తమ్ముడికి,

మెట్లు మార్చనందుకు సంతోషం.

గడుగ్గాయి ఉత్తరం రాసింది. అక్కడ ఇల్లు చిన్నదట, కిటికీలోంచి నీళ్ల ట్యాంకు కనిపిస్తుందట. గిటారు వస్తుందని అతను అప్పుడే గోడకు మేకు కొట్టాడట. పిల్లను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి పైకెత్తమని, అందేంత ఎత్తు కొలిచి మరీ కొట్టాడట. వాయించడం రాని మనిషి, నేర్పడానికి ఎవరైనా ఉన్నారా అని వీధిలో అడిగి వచ్చాడట. ఇదంతా చదివాక మరి నాకు ఆలోచించడానికి ఏముంది?

నేరుగా అక్కడికే పంపు. ఇక్కడికి తేవద్దు. నాలుగు రోజులు ఉంచుకోమన్నావు. ఉంచుకున్నానంటే అయిదో రోజు ఇవ్వలేను. నా సంగతి నాకు తెలుసు. నీ సెలవు కూడా దండగ చేసుకోకు. రావాలనిపిస్తే ఉత్త చేతులతో రా.

కొత్తదాన్ని మళ్లీ బీరువాలో పెట్టెయ్యి. ఎవరో ఒకరి పిల్లకు పనికొస్తుంది.

పెట్టె మీద నా పేరుతో ఏమీ రాయకు. తాతయ్య పంపాడని చాలు. చెక్కను ఎలా చూసుకోవాలో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టు. నూనె రాయకూడదని పైన రాయి.

చిరునామా కోడలు తన ఉత్తరం చివర రాసిచ్చింది. ఆ ముక్కే కత్తిరించి ఇందులో పెడుతున్నాను, దాన్నే పెట్టె మీద అంటించు. నేనే రాద్దామని నిన్న మధ్యాహ్నం మంచి కాగితం తీసుకుని కూర్చున్నాను. అక్కడ బడిలో చేర్చినప్పుడు పిల్ల పేరుకు ముందు అతని ఇంటిపేరు రాయించారు. అది తప్పు కాదు, రేపు దానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇంటిపేరు దాకా వచ్చాను. చెయ్యి సాగలేదు.

అక్క